బొరుగుల కబోర్డు తలుపును నేను నిలబెట్టిన వైనం

కొత్తగా కాపురానికి వచ్చిన ఆ రోజుల్లో, అత్తగారింట్లో ఏది పాడైనా అది నావల్లేనని అందరికంటే ముందు నేనే నమ్మేసేదాన్ని. పాలు విరిగితే నేను, మోటారు కాలితే నేను, ఆఖరికి కరెంటు పోయినా నా చేతులవైపే అనుమానంగా చూసుకునేదాన్ని. ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పెరిగినదాన్ని మరి. ఆదోనిలో మా అత్తగారి వంటిల్లేమో గోడ పొడవునా మెరిసే కబోర్డులతో ఆ వీధికే గొప్ప (పక్కింటివాళ్లు తమ చుట్టాలను తీసుకొచ్చి మరీ చూపించేవారు). నేను వెళ్లిన కొన్నాళ్లకే, పొద్దుటి టిఫినుకు చేసే ఉగ్గానికని బొరుగులు (మరమరాలు) దాచే కబోర్డు తలుపు కీలు దగ్గర స్క్రూలు వదులై ఒకవైపుకు వాలిపోయింది.

"ఇన్నేండ్లు ఊగని తలుపు నువ్వొచ్చినాంక ఊగుతాందే! నీ చెయ్యి శానా మోటమ్మా" అన్నారు అత్తగారు. మా ఆయన వెంటనే స్క్రూడ్రైవర్ పట్టారు. స్క్రూ తిరిగింది, తిరుగుతూనే ఉంది, ఎక్కడా ఆగదు. "టైటయింది. ఇంక ఏనుగు లాగినా రాదు" అని ఆయనే ఆపేశారు. ఏనుగు దాకా పోలేదు, సాయంత్రం పిల్లి రాసుకుపోతే మళ్లీ వాలింది. దిష్టి తగిలిందని అత్తగారు ఆ తలుపుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. ఆ బరువుకు ఇంకొంచెం వాలింది.

అంతలో హొళగుంద నుంచి మా ఆడబిడ్డ ఫోను, ఎల్లుండి వస్తున్నానని. మా ఆయనకు అక్క అయిన ఆవిడ వస్తూనే వంటింట్లోకి పోయి ప్రతి తలుపూ తెరిచి చూసే రకం. ఆవిడ నోట పడిన మాట పొద్దు గూకేలోపల చుట్టాలందరికీ చేరిపోతుంది. నాది మోటు చెయ్యన్న పేరు గడప దాటితే, ఇక నన్ను ఏ ఇంట్లోనూ గాజు గ్లాసు కూడా ముట్టనివ్వరు. ముందు ఏడుపొచ్చింది, తర్వాత రోషమొచ్చింది. ఒక స్క్రూ ఊడదీసి చూశాను. స్క్రూ బంగారంలా ఉంది, చెక్కలో బొక్కే పెద్దదైపోయింది. మా ఇంట్లో మగ్గానికి కొట్టిన కొయ్య గూటం వదులైతే మా నాయన దానికి నూలు చుట్టి దిగ్గొట్టేవాడు. నేనూ నూలు పోగులు చిక్కటి గంజిలో ముంచి, బొక్కల్లో కూరి, స్క్రూలు బిగించాను. తలుపు నిలబడింది! మర్నాడు పొద్దున చూస్తే కీళ్ల దగ్గర చీమల బారు.

"చీమలకు గంజి పోసినావేమ్మా? మన ఇంట్లో ఇదొక్కటే తక్కువైండె" అన్నారు అత్తగారు. నూలుకు గంజి పెట్టడం పుట్టినప్పటి నుంచీ తెలుసు గానీ, వంటింట్లో చీమలుంటాయన్న సంగతి గుర్తు రావద్దూ!

అయినా వదల్లేదు. తలుపు ఊడదీసి, నూలంతా లాగేసి, పూజగదిలో కాలి మిగిలిన అగరొత్తి పుల్లలు ఏరుకొచ్చాను (దేవుడేమీ అనలేదు). వడ్రంగులు వాడే తెల్ల జిగురులో వాటిని ముంచి, బొక్కల నిండా దట్టించి, పైకొచ్చిన మొనలు బ్లేడుతో కోసేశాను. ఎవరి చెయ్యీ తగలకుండా కబోర్డుకు అడ్డంగా దుప్పటి కట్టి, "రేపటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. ఆ ఇంట్లో నేనొక ఆజ్ఞ వేయడం అదే మొదలు. "మరి ఉగ్గాని?" అన్నారు అత్తగారు బిక్కమొహంతో. "రేపే" అన్నాను. ఆ నోరు నాకెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

తెల్లారి తలుపు మళ్లీ ఆనించి స్క్రూ తిప్పితే కిర్రుమంటూ ఎదురు తిరిగింది. తర్వాత ఇక కదలనని మొండికేసింది. ఆ మొండితనం చూసి నాకు కలిగిన ఆనందం నా పెళ్లి రోజున కూడా కలగలేదు (మా ఆయన ఇలాంటివి చదవరు లెండి).

ఆడబిడ్డ వచ్చింది, సంచి దించకుండానే వంటింట్లోకి నడిచింది. బొరుగుల కబోర్డు తెరిచింది, మూసింది, తలుపు మీద చెయ్యి ఆనించి ఒంటి బరువంతా మోపింది. తలుపు ఉలకలేదు.

"ఏమ్మా, ఊగుతాందని ఫోన్లో సెప్తివే? యాడ ఊగుతాంది?" అంది తల్లితో.

"ఊగుతాండె. నీ తమ్ముని చేత కాల్యా. నా కోడలు నిలబెట్టింది" అన్నారు అత్తగారు. అంతవరకూ నేను ఆ ఇంట్లో 'వాని పెండ్లాన్ని' మాత్రమే.

ఆడబిడ్డ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మా ఇంట్లో గూడా రెండు తలుపులు ఊగుతాండాయమ్మా. ఒకసారి వస్తావా?" నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "ఊరికే ఎట్లొస్తాది? దానికి ఈడ శానా పనుంది. కారు పంపియ్, అప్పుడు చూస్తాం."

కారు నిజంగానే వచ్చింది. పట్టుచీర కట్టుకుని, ఒళ్లో స్క్రూడ్రైవరూ జిగురు డబ్బా పెట్టుకుని, వెనక సీట్లో నిటారుగా కూర్చున్న ఆ పిల్ల నాకు ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. డ్రైవరు చూస్తాడేమోనని ఆదోని దాటేదాకా నవ్వు ఆపుకుంది. పిచ్చిపిల్ల, ఎందుకు ఆపుకుందో! ఇప్పుడు ఆ ఇంట్లో అన్నిటికీ నా మాటే చెల్లుతోంది గానీ, అంత నవ్వు మళ్లీ ఎప్పుడొచ్చింది గనుక.