కోదాడలో విప్పిన వెనక చక్రం

పొద్దున ఆరున్నరకు మా లారీ డ్రైవర్ యాదయ్య ఫోన్ చేశాడు. వడ్ల లోడుతో మిర్యాలగూడ మిల్లుకు వెళ్తూ కోదాడలో బ్రేక్ తొక్కితే బండి ఎడమకు గుంజిందట. కాలేజీ పిల్లలున్న ఆటోకు జానెడు దూరంలో ఆగిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు చెప్పి సూర్యాపేటలో ఏడుంబావు బస్సెక్కాను. టికెట్ ఎనభై రూపాయలు, గంట ప్రయాణం. సొంత లారీ ఉండి, దారిలో హబ్ సీల్ పోయినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను చేరేసరికి షెడ్డులో మెకానిక్ కుడి వెనక చక్రం విప్పేశాడు. ఇరుసులోని గేర్ ఆయిల్ బయటికి రాకుండా, చక్రం మధ్యలో ఉండే హబ్ వెనక ఒక రబ్బరు సీల్ ఉంటుంది. అది పోతే ఆయిల్ నేరుగా బ్రేక్ డ్రమ్ములోకి కారుతుంది. డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే లైనర్లు ఆయిల్లో నాని నల్లగా ఉన్నాయి. ఆయిల్ మరకలుండాల్సిన టైరు లోపలి అంచు మాత్రం శుభ్రంగా ఉంది. మెకానిక్ దాని మీద వేలు పెట్టి రాసి చూపించాడు.

"ఇది ఇవాళ్టి లీకు కాదండి. ఎవరో రోజూ తుడుస్తున్నారు."

యాదయ్య ఒప్పుకున్నాడు. తొమ్మిది రోజులుగా పొద్దున్నే డీజిల్ గుడ్డతో తుడుస్తున్నాడట.

"మేడం పోయినకాడి నుంచి మీరు సరిగ్గ తింటలేరు సార్. గిదొకటి చెప్పి పరేషాన్ జేసుడెందుకని ఊకున్న."

"ఆ పిల్లలు పోయుంటే అప్పుడు చెప్పేవాడివా?"

నా భార్య పోయి నాలుగు నెలలు. ఆమె కడుపునొప్పిని మూడు నెలలు దాచింది, నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని. ఆమె చెల్లెలికి తెలుసు, పక్కింటావిడకు తెలుసు. నాకు తెలియదు. నా మంచి కోరి నాకు చెప్పనివాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. లోడు దిగగానే తాళాలిచ్చి వెళ్లిపొమ్మన్నాను.

ఇరుసు మీద గాలి పోయే చిన్న గొట్టం మట్టితో మూసుకుపోయింది. వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీల్‌ను తన్నేసిందని మెకానిక్ చెప్పాడు. గొట్టం శుభ్రం చేసి కొత్త సీల్ వేశాడు. లైనర్ల మీద పెట్రోలు పోసి కాలిస్తే ఆయిల్ పోతుందని, అందరూ అలాగే చేయించుకుంటారని అన్నాడు. అందరూ చేసేది నాకొద్దన్నాను. రెండు వైపులా కొత్తవి వేయించాను. కూలీతో ఆరు వేలయింది, మధ్యాహ్నం ఒంటిగంటయింది.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు రెండు గంటలు. నేను క్యాబిన్‌లోనే కూర్చున్నాను. నేరేడుచర్ల దాటాక యాదయ్య అన్నాడు.

"ఇంకోటుంది సార్. క్లచ్ గూడ జారుతుంది."

"ఎన్ని రోజుల నుంచి?"

"నాలుగు రోజులైతుంది. ఎట్లయినా పొమ్మన్నరు గద, ఇగ చెప్పకుంట పోతే ఎట్ల."

మిల్లులో లోడు దిగాక తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. క్లచ్ చూపించడానికి బండిని సూర్యాపేటకు ఎవరు తోలుతారని అడిగి, అతనికే తిరిగి ఇచ్చాను.

కోపం తగ్గలేదు. యాదయ్యను నిలదీయగలిగాను, అతను జవాబు చెప్పాడు. ఇంట్లో నిలదీయడానికి మనిషి లేదు. నేను రోజూ ఫోన్లో బండి బాగుందా అని అడిగేవాణ్ని, బాగుంది సార్ అనేవాడు. ఆమెనూ అలాగే అడిగాను. బాగున్నానంది. ఆ మాట విని మళ్లీ పేపర్లు దిద్దుకున్నాను.

లారీ ఉన్నవాళ్లకు ఒక్క మాట. బండి బయల్దేరే ముందు, ఏం బాగాలేదో చెప్పమని డ్రైవర్‌ను అడగండి. చెప్పేదాకా అక్కడే నిలబడండి.