నా చేతికే లొంగే షట్టర్

నేను నీటిపారుదల శాఖలో పనిచేసే రోజుల్లో, ముదినేపల్లి దగ్గర మురుగుకాలువ షట్టర్ నా చేతికి తప్ప లొంగదని ఆఫీసంతా నమ్మేది. కిటుకు ఎవరికీ చెప్పలేదు. చెబితే మనకింకేం విలువ?

ఓ వానాకాలం చేలు మునిగాయి. నేను గుండుగొలను దగ్గర పీకల్లోతు నీళ్లలో చిక్కుకుపోయాను. నిజానికి ఆగిపోయిన బస్సులో పొడిగానే కూర్చున్నాను. కొత్త ఇంజనీరమ్మాయి సెల్‌కి ఫోన్ చేసింది.

"షట్టర్ లేవట్లేదండీ. చక్రం ఎలా తిప్పాలో చెప్పండి."

"ఫోన్లో చెప్పే విద్య కాదమ్మా. నేనే రావాలి."

షట్టర్ దగ్గరే రైతులతో నిలబడ్డ మా మావగారు ఆ అమ్మాయి దగ్గర ఫోన్ అందుకున్నారు. "అల్లుడుగారూ, మన చేను కూడా మునిగిందండీ."

గొంతు తగ్గించి చెప్పాను. "ముందు సగం చుట్టు వెనక్కి తిప్పి, ఆనక ముందుకు తిప్పమనండి."

షట్టర్ లేచింది. చేలు దక్కాయి. షట్టర్ లేవగానే ఫోన్లో ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"అంతేనాండీ?"

దాచినన్నాళ్లూ అది పెద్ద విద్యలాగే ఉండేది. బయటపెడితే ఒక్క వాక్యానికి సరిపోయింది.

— ఓ రిటైర్డ్ ఉద్యోగి, తాడేపల్లిగూడెం