మా చర్చి డప్పు

పంతొమ్మిది వందల ఇరవైల్లో అరకు కొండల్లోని మా చర్చికి గడ్డికప్పే ఉండేది. మైదానం నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, డప్పు కొండదేవతల జాతరకి కొట్టేదంటూ మాన్పించి, ఆరాధనకి పిలవడానికి చేతిగంట తెచ్చారు. మొదటి ఆదివారం ఆయన గంట వాయించగానే, ఎవరి ఆవో చేలో పడిందనుకుని సంఘమంతా కర్రలు పట్టుకుని సామచేల వైపు పరిగెత్తింది. చర్చిలో అమ్మా నేనూ మిగిలాం.

“డప్పు కొట్టించండి అయ్యగారూ, బేగి వచ్చేత్తారు,” అంది అమ్మ.

“అది దెయ్యాలది కదమ్మా!”

“కొట్టీ సేతులు మావి కదా, దెయ్యాలవేటి?”

ఆయన గంట కింద పెట్టి, డప్పు తెమ్మన్నారు. ఆ డప్పు మోతకే మా సంఘం పెరిగింది. మళ్లీ ఎవరి అనుమతీ మేం అడగలేదు. గంటంటారా, పాస్టరుగారి ఆవు మెడలో చక్కగా మోగింది.