దొరసానికి చేతులంటే భయం

ఆ రోజుల్లో, అంటే మరీ పాతరోజులేమీ కావు, పాలిటెక్నిక్ పూర్తిచేసి భూపాలపల్లిలో ఉద్యోగానికి పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఎండాకాలంలో, చెడిపోయిన ప్రతిదాన్నీ ఒక వరసలో పరీక్షిస్తూ పోతే బాగుచేయొచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మోటారు తిరగకపోతే ముందు కరెంటు చూడాలి, తర్వాత ఫ్యూజు, తర్వాత స్టార్టరు, ఆ తర్వాతే మోటారు జోలికి పోవాలి. ఈ వరస తప్పినవాళ్లంటే నాకు లోలోపల చిన్నచూపు కూడా ఉండేది. (మా బాపు ముందు మోటారును కాలితో ఒక్కటి తన్ని, అప్పటికీ తిరగకపోతేనే నన్ను పిలిచేవాడు. చాలాసార్లు తిరిగేది. అది నేను లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు.) అలాంటి నాకు ఆ వేసవిలో బాగుచేయమని అప్పజెప్పింది మాత్రం ఒక చిలుకను.

కురవి దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి వరండాలో ఉండే ఆ చిలుక అవ్వది, అంటే మా నాన్నమ్మది. పిల్లగా ఉన్నప్పుడు గాలివానకు తాటిచెట్టు తొర్రలోంచి పడిపోతే అవ్వ ఏరుకొచ్చి పెంచింది. ఒక రెక్క వంకరగా అతుక్కుపోయి ఎగరలేకపోయింది. (చిలుకల్ని పెంచకూడదని చట్టం ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ మాట అవ్వ ముఖం మీద చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.) పొద్దున్నే "అవ్వా, ఛాయ్" అని మొదలుపెట్టి, ఛాయ్ గ్లాసు కళ్లబడేదాకా ఇల్లంతా హడలగొట్టేది గనక దాని పేరు దొరసాని. అవ్వ చేతిమీద కూర్చుని, మేము వాసనకే తుమ్మే పండుమిర్చిని గింజ గింజా ఏరుకుని తినేది.

ఎండలు ముదిరి అడవిలో నీళ్లు తగ్గగానే కోతులు ఊళ్లమీద పడ్డాయి. ఒక మధ్యాహ్నం, చెవి తెగిన పెద్దకోతి ఒకటి వరండాలోకి దిగి, పంజరం ఊచల్లోంచి చెయ్యి దూర్చి దొరసాని తోక పట్టుకుంది. అవ్వ కట్టె తీసుకుని లేచేసరికి తోక ఈకలు దాని గుప్పిట్లో ఉన్నాయి, చిలుక పంజరం మూలలో ముద్దలా పడి ఉంది. ప్రాణానికేం కాలేదు. కానీ ఆ రోజునుంచి నోరు విప్పలేదు. ఎవరు దగ్గరికి వెళ్లినా ఊచలకు కొట్టుకుని, ఉన్న ఈకలు కూడా రాల్చుకునేది. మేమంతా లోపలికి వెళ్లాక ఒకటో రెండో గింజలు కొరికితే కొరికినట్టు. అవ్వ చెయ్యి చాపినా అంతే.

"నా చెయ్యి గూడ యాదికి లేదారా దానికి?" అని అవ్వ ఒకటే మాట పదే పదే అనేది.

బాపు తన పద్ధతిలో ఒక తన్ను తన్నాడు. జనగామలో దుకాణాల ముందు కోతులు రాకుండా పులిబొమ్మలు పెట్టారని చూసి, దూది కూరిన పెద్ద పులిని బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చి పంజరం పక్కన కట్టాడు. కోతులకు అది పులి కాదని వెంటనే తెలిసిపోయింది, ఒక పిల్లకోతి దాని తోక పట్టుకుని ఉయ్యాల కూడా ఊగింది. నమ్మింది దొరసాని ఒక్కతే. రాత్రికల్లా నీళ్లు తాగడం కూడా మానేసింది. నేను పులిని విప్పి అటకెక్కించాను.

బాపు పంజరం వైపు చూసి, "గిట్ల ఎండిపోయి సస్తే ఆ పాపం మనకే" అన్నాడు. "ఐతారం నాకు కొత్తగూడల పనున్నది. అడవిల ఇడిసిపెట్టొస్త."

"అది ఎగరలేదు బాపు."

"దాని నసీబు."

అవ్వ నావైపు తిరిగి, "ఇన్నేండ్లు సదివినవ్ గదరా, ఏమన్న జెయ్యి" అంది.

చేశాను. ముందు తలుపు చాటునుంచి నా ముఖం ఒక్కటే చూపించాను, కొట్టుకోలేదు. మాట్లాడాను, కొట్టుకోలేదు. ఆ చాటునుంచే కట్టె కొస చూపించాను, తువ్వాల అంచు ఊపాను, పక్కకి జరిగిందే తప్ప కొట్టుకోలేదు. చెయ్యి పైకెత్తాను. పంజరం అదిరిపోయింది. లోపం ఎక్కడుందో దొరికింది: దానికి మనుషులంటే భయం లేదు, అయిదు వేళ్లున్న ప్రతి చెయ్యీ ఆ కోతి చెయ్యే. కాబట్టి నాకు చేతులు ఉండకూడదు.

నడివేసవిలో మెడ దాకా దుప్పటి కప్పుకుని, లోపల చేతులు వీపు వెనక కట్టుకుని, వరండాకి ఆ చివర పంజరానికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాను. అది మెదలకుండా ఉంటే కొంచెం దగ్గరికి జరగడం, బెదిరితే మళ్లీ వెనక్కి. చెమటకు దుప్పటి తడిసి ఒంటికి అంటుకునేది. ఈగ ముక్కుమీద వాలితే తోలుకోవడానికి లేదు. పక్కింటి కాక మోటారు పైపుకోసం వచ్చి, నన్ను చూసి గొంతు తగ్గించి బాపును అడిగాడు.

"పిలగానికి సలిజరమా?"

"కాదు," అన్నాడు బాపు. "డిప్లొమా."

శుక్రవారం నాటికి ఊచల పక్కకు చేరాను. పండుమిర్చి తొడిమ పళ్లతో కరిచి పట్టుకుని ముఖం ముందుకు పెట్టాను. దొరసాని నన్ను ఒక కన్నుతో చూసింది, తల తిప్పి ఇంకో కన్నుతో చూసింది. తర్వాత మెల్లగా వచ్చి మిర్చిని నా నోటిముందే చీల్చడం మొదలుపెట్టింది. గింజలు నా పెదవులమీద రాలాయి. తుడుచుకోవడానికి నాకు చేతులు లేవు. కళ్లవెంట ధార.

"ఏడుస్తున్నవారా?" అంది మంచంమీది అవ్వ, తను ఏడుస్తూనే.

"కారమవ్వా" అన్నాను, పళ్లు విప్పకుండా.

శనివారం పంజరం తలుపు పళ్లతో లాగి తీసిపెట్టి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి అది ఊచలు పట్టుకుని పైకి పాకి, పంజరం నెత్తిన నిలబడి ఒళ్లు దులుపుకుంది. నాకు కేక వేయాలనిపించింది. సరిగ్గా అప్పుడే పిట్టగోడమీద ఏదో దూకిన చప్పుడైంది. చెవి తెగిన కోతి. వెనకాల ఇంకో రెండు. బాపు పొలంలో, అమ్మ బోరింగు దగ్గర. ఇంట్లో అవ్వా నేనూ మాత్రమే ఉన్నాం.

"బిడ్డా, పట్టుకోరా దాన్ని" అంది అవ్వ, పెదవులు కదిలీ కదలకుండా.

దుప్పట్లోంచి నా చెయ్యి సగం బయటికి వచ్చేసింది. అక్కడే ఆపాను. చెయ్యి కనపడితే దొరసాని రెక్కలు కొట్టుకుంటుంది. ఎగరలేదు, కిందపడుతుంది. కింద, వరండా అంచున, కోతి ఉంది. పట్టుకోకపోతే కోతి పైకే వస్తుంది. నేను చదివిన చదువులో ఈ రెంటికీ మధ్య వేరే దారి లేదు. కోతి ఒక అడుగు వేసింది. దొరసాని ఒళ్లంతా సన్నబడి, పుల్లలా నిలుచుంది. ఏం తోచక, నేను తల వంచి పంజరానికి ఆనించాను.

ముందు చెవితమ్మెలో సూది దిగినట్టైంది. దొరసాని ముక్కుతో నా చెవి కరిచి పట్టుకుని, దాన్నే తాడులా వాడుకుని భుజంమీదికి దిగింది. దిగాక కూడా వదల్లేదు. నేను లేచి, చేతులు వెనకే పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి, కోతికి ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ గడప దాటి, తలుపును కాలితో తన్ని, ఇటు తిరిగి వీపు ఆనించి నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, అవ్వ బయటే ఉంది.

"అవ్వా."

"తల్పు తీయకు. నన్నెవలు ఎత్తుకపోతరు?" అని లోపలికి వినపడింది. తర్వాత కట్టె చప్పుడు, అవ్వ తిట్లు (ఇక్కడ రాయదగినవి కావు), చివరికి పిట్టగోడ దూకిన చప్పుళ్లు. చీకటి గదిలో నా మెడకు ఆనుకుని దొరసాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. చెవినుంచి కారింది కాలరులోకి దిగుతోంది. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

సాయంత్రం దవాఖానలో సూది వేయించుకుని వచ్చాక, అవ్వతో నా అనుమానం చెప్పాను. అది నన్ను నమ్మి వచ్చిందని అనుకోవడానికి లేదు, కోతికంటే నేనే నయమని వచ్చి ఉండొచ్చు.

"ఏదైతేందిరా, నీ మీదికే గద వచ్చింది" అంది అవ్వ.

మర్నాడు, ఐతారం పొద్దున, బాపు గంప తీసుకుని వచ్చాడు. నేను దొరసానిని భుజంమీద పెట్టుకుని కూర్చుని, మొదటిసారి దుప్పటి తీసేసి, ఒక చెయ్యి చాపి నేలమీద పెట్టాను. అరచెయ్యి పైకి, ఖాళీగా. అది ఊచలా బిగుసుకుపోయింది.  తర్వాత గోళ్లు గుచ్చుకుంటూ భుజంనుంచి దిగి, మోచేయి దగ్గరికి వచ్చి ఆగింది. ఎంతసేపు చూసినా ముందుకు రాలేదు. వెనక్కీ పోలేదు.

బాపు నిలబడే చూశాడు. "మోచెయ్యి దాక వచ్చింది గద," అని గంపను గోడవారగా బోర్లించి, కొత్తగూడ బస్సుకు ఒట్టి చేతులతో పోయాడు.

నేను భూపాలపల్లిలో చేరిన కొన్నాళ్లకు అవ్వ ఫోన్ చేసి, దొరసాని తన అరచేతిలో కూర్చుని మిర్చి తిన్నదని చెప్పింది. వెనకనుంచి "ఛాయ్" అని ఎవరో అరవడం నాకూ వినపడింది. నా విషయంలో మాత్రం దాని పద్ధతి మారలేదు. సెలవుకు ఇంటికి పోయినప్పుడల్లా భుజంమీదికి ఎక్కుతుంది, చెవి ఎక్కడుందో చూసుకుంటుంది, మోచేయి దాకా దిగి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి అరచేతికి ఒక జానెడు. వరసగా చూసుకుంటూ పోతే ఏదైనా బాగవుతుందన్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కానీ వాడు పూర్తిగా పోయినట్టూ లేదు. మొన్న కూడా చెయ్యి తిమ్మిరెక్కేదాకా చాపుకుని కూర్చున్నాను.

"సల్లారిపోతున్నదిరా, అన్నం తిను" అంది అవ్వ.

"జర ఆగవ్వా" అన్నాను.