పడమటి పరదా

మా మరిది చెప్పే కథ నమ్మకండి. మొన్న మొయినాబాద్‌లో ఒక పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర పదిమందిని పోగేసుకుని మళ్లీ అదే ఎత్తుకున్నాడు: వదిన చదువుకున్నదని కొత్త పద్ధతి పెట్టింది, టీకా మందును పొగలాగ కొట్టి కోళ్లను చంపింది, ఫారం మూతపడ్డది అని. అందరూ నవ్వారు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, చేవెళ్ల రోడ్డు పొడుగునా ఒకప్పుడు కోళ్ల షెడ్లే, బస్సులో కళ్లు మూసుకున్నా వాసనను బట్టి ఎక్కడున్నామో చెప్పగలిగేవాళ్లం. నేను బీయస్సీ చదివి అలాంటి షెడ్డున్న ఇంటికి కోడలినయ్యాను. కొక్కెర రోగం రాకుండా ఒక్కో కోడినీ పట్టుకుని సూది వేస్తుంటే అవి బెదిరి గుడ్లు తగ్గేవి. మందును సన్నటి తుంపరగా చల్లితే ఊపిరితోనే పీల్చుకుంటాయని పశువుల డాక్టరు చెప్పి, ఎలా చల్లాలో నాకు నేర్పాడు. పత్తికి పురుగుల మందు కొట్టే డబ్బానే వాడమన్నాడు మా మామ. అందులో మిగిలిన విషానికి టీకా బతకదని కొట్లాడి కొత్తది తెప్పించాను. నోరు పెద్దదని నాకు పేరు వచ్చింది అప్పుడే, వస్తే వచ్చింది.

గాలి ఆడితే తుంపర కొట్టుకుపోతుంది. అందుకని షెడ్డుకు రెండు వైపులా గోనె పరదాలు దించి, చల్లడం అయ్యాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. ముందురోజే ఇంట్లో అందరికీ చెప్పాను. తెల్లవారుతుండగా మూతికి గుడ్డ కట్టుకుని నేను చల్లుకుంటూ పోతుంటే, మా మామ రోజూ పొద్దున చేసే పనే కదా అన్నట్టు, నా వెనకాలే పడమటి పరదాను పైకి చుట్టుకుంటూ వచ్చాడు. చల్లగాలి తగిలి వెనక్కి తిరిగి చూశాను.

"నోరులేని జీవాలు బిడ్డా, గాలాడకుంటే బతుకుతయా?"

"అవి బతకాలనే మూసిన మామా."

మందు తెప్పించి ఆ వరస మళ్లీ చల్లుదామంటే, ఒక్క పూట గాలికి ఏమీ కాదన్నాడు. మా ఆయన తలుపు దగ్గరే నిలబడి అంతా చూశాడు, అంతా విన్నాడు.

కొన్నాళ్లకు చుట్టుపక్కల ఫారాలకు రోగం పాకి మా షెడ్డుకూ వచ్చింది, కోళ్లు గురక పెట్టి, మెడలు మెలితిరిగి పడిపోయాయి. ఎక్కువగా పోయింది ఎక్కడనుకున్నారు? పడమటి వరస బోన్లలో. లోపలి వరసలు చాలావరకు నిలబడ్డాయి. మందే చంపి ఉంటే, మందు బాగా తగిలినవి కదా ముందు పోవాలి! ఇది అత్తకు చెప్పాను, మరిదికి చెప్పాను, పలకరించడానికి వచ్చిన చుట్టాలకూ చెప్పాను. నా చెయ్యి మంచిది కాదు, ఇక షెడ్డులో అడుగు పెట్టవద్దన్నది అత్త. పొద్దున్నే నేను లోపలికి వెళితే ఎన్ని మెడలు ఒక్కసారిగా నా వైపు తిరిగేవో. ఆ ఇంట్లో నన్ను చూసి అంత సంబరపడ్డవాళ్లు వేరే లేరు. ఏడాది తిరగకుండానే షెడ్డు అమ్మేశారు.

ఇప్పుడా దారంతా ఫంక్షన్ హాళ్లు, ఫాంహౌసుల గోడలు. కోళ్లెక్కడివని అడిగే పిల్లలకు చూపించడానికి ఒక్క షెడ్డు లేదు. మామ కూడా పోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు, జాలిపడి చేసిన పొరపాటు అది. కానీ మొన్న మరిది కథ చెబుతుంటే మా ఆయన నా పక్కనే కూర్చుని పెరుగన్నం కలుపుకుంటూ, అందరితో పాటు నవ్వాడు. తిరిగి వస్తూ కారులో నిలదీశాను.

"పోయిన మనిషి మీద ఇప్పుడు నింద ఎందుకే" అన్నాడు.

సరే, పోయినవాళ్ల మీద వేయకూడదు. మరి బతికున్న నా మీద ఇన్నేళ్లు ఎందుకు వేయనిచ్చినట్టు?