తొట్టిలో తెగిన తీరం

బాన్సువాడకు సముద్రం ఏ దిక్కున చూసినా దూరమే. అయినప్పటికీ సముద్రం గురించి గట్టి అభిప్రాయం లేని మనిషి మా వీధిలో ఒక్కరూ లేరన్న సంగతి, మా మనవరాలు తీరప్రాంతపు విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చదవడానికి చేరిన తరువాత గానీ నాకు తెలియలేదు.

"సముద్రం సదివి ఏం జేస్తది? ఉప్పు అమ్ముతదా?" అని ఒకరు.

"ఓడల టికెట్లు కొట్టే నౌకరి ఉంటదేమో తియ్యి" అని ఇంకొకరు.

"పిల్లకు ఈతనన్న వస్తదా?" అని మూడో ఆయన, ఎంతో ఫికర్ పడుతూ.

ఒక కార్యాలయంలో పెద్దగుమస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి దేనినైనా తేదీ వేసి రాసిపెట్టడం నాకు అలవాటు. కాలువకు నీళ్ళు వదిలిన రోజు, కరెంటు పోయిన వేళ, వీధిలో జరిగిన తగవు, అందులో ముందుగా నోరు జారినవారెవరు అన్నవి మా ఇంట్లో లిఖితపూర్వకంగా ఉంటాయి. సముద్రం మీద వచ్చిన అభిప్రాయాలను కూడా వేరే శీర్షిక కింద నమోదు చేశాను. వాటిలో ఒక్కదానికీ ఆధారం లేదని పక్కనే ఎర్రసిరాతో రాశాను.

ఈ విషయంలో మా వీధికి పెద్దదిక్కు మా పక్కింటి ఆయన. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కొని, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం వారిది. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. సముద్రాన్ని చూసింది ఏదో పెళ్ళికి వెళ్ళినప్పుడు, అదీ బస్సు కిటికీలోంచి. అయినా ఎవరు అడిగినా, "మా రక్తంలోనే ఉందండీ ఉప్పు" అంటాడు. డాక్టరు కూడా ఆయనకు అదే చెప్పి ఉప్పు మానమన్నాడు. అది వేరే సంగతి. నా భార్యను ఆయన చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన నన్ను బావగారూ అంటాడు. మనవరాలికి మాత్రం, వరస కలవకపోయినా, చిన్నప్పటి నుంచీ ఆయన మామే.

మొన్న వేసవి సెలవులకు మనవరాలు ఒక పని నెత్తిన పెట్టుకొని వచ్చింది. విశ్వవిద్యాలయంలో అలలను పుట్టించి పరీక్షించే పెద్ద తొట్టి మరమ్మతులో ఉన్నదట. అందువల్ల ప్రతి విద్యార్థీ ఇంటి దగ్గరే ఒక చిన్న తొట్టి సిద్ధం చేసుకొని, అందులో ఇసుక తీరం పోసి, అలలు పంపి, తీరం ఎట్లా కోసుకుపోతున్నదో, కోసిన ఇసుక ఎక్కడికి చేరుతున్నదో కొలవాలి. సెలవుల చివరన వీడియోలో అధ్యాపకురాలికి చేసి చూపించాలి. బాగా చేసినవారిని ఆ ఏడు తీరం వెంట తిరిగి కొలతలు తీసే బృందంలోకి తీసుకుంటారు. మిగిలినవారు వాళ్ళు తెచ్చిన అంకెలతో గదిలో కూర్చొని గీతలు గీయాలి.

"గదిల కూసొని సముద్రం సదువుటానికి అంత దూరం పోలేదు తాతా నేను" అన్నది మనవరాలు. ఆ మాట అన్నప్పుడు అది నవ్వలేదు. ఊరంతా ఉప్పు అమ్ముతావా అని వెక్కిరిస్తుంటే నవ్వి ఊరుకున్న పిల్ల అది. అందుకని నేను ఈ వ్యవహారాన్ని స్వయంగా చేతిలోకి తీసుకున్నాను.

తొట్టి పక్కింటి ఆయన ఇచ్చాడు. బర్రెలను అమ్మేసినప్పటి నుంచి ఖాళీగా పడి ఉన్న పొడుగాటి సిమెంటు కుడితి తొట్టి అది. మా పెరట్లోకి దాన్ని జరిపించి, మంజీర ఇసుక రెండు సంచులు ఆటోలో తెప్పించాను. రెండు సంచుల ఇసుకకే, "ఏంది సారూ, పైన రూము ఏస్తున్నరా? కిరాయికి ఇస్తరా?" అని దారి పొడుగునా అడిగారు. ఇసుకను తొట్టికి ఒక కొసన వాలుగా పోసి, రెండో కొసన నీళ్ళలో ఒక చెక్కను నిలబెట్టి బందులు బిగించాము. చెక్కను ముందుకు తోస్తే అల పుడుతుంది. తోసేవారు ఒకే వేగంతో, విసుగు లేకుండా, గంటల తరబడి తోయాలి. అటువంటి మనిషి మా ఇంట్లో ఒక్కడే.

ఆ విధంగా నేను సముద్రాన్నయ్యాను.

"జర నెమ్మది తాతా, తుఫాను తెస్తున్నవ్" అని మనవరాలు. "సముద్రం ఇగ బువ్వకు లేస్తదా, లేకుంటే కుండ మూత పెట్టాల్నా?" అని వంటింట్లోంచి నా భార్య. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను ఆవిడ చాలా పేర్లతో పిలిచింది గానీ ఇంత పెద్ద పదవి ఎన్నడూ ఇవ్వలేదు.

పని చక్కగా సాగింది. అల వచ్చి వాలును నాకేది. కాసేపటికి పైన నిట్టనిలువుగా కోత పడేది. కోసుకుపోయిన ఇసుక నీళ్ళ అడుగున కొంచెం దూరంలో చిన్న దిబ్బగా చేరేది. సాయంత్రం మనవరాలు కర్రస్కేలు ముంచి కొలిచేది, నేను రాసేవాణ్ణి. చిక్కు మరునాటి ఉదయం వచ్చింది. రాత్రి అలలు లేవు, నీళ్ళు కదలలేదు, అయినా కోత పూడిపోయి ఉన్నది. నీళ్ళ కింద దిబ్బ మాత్రం దిబ్బగానే ఉన్నది. తీసిన ఇసుక అక్కడే ఉండగా తీసిన చోటు నిండటం ఏమిటి? నా ఉద్యోగ జీవితంలో ఇటువంటి జమాఖర్చు ఎవరైనా నా బల్ల మీద పెడితే ముఖాన కొట్టేవాణ్ణి.

పక్కింటి ఆయన మాత్రం ఆశ్చర్యపోలేదు. "సముద్రం అంతేనండీ బావగారూ. పగలు పుచ్చుకున్నది రాత్రికి ఇచ్చేస్తుంది. మా వైపు అందరికీ తెలిసిందే."

"మా పుస్తకంల అట్ల లేదు మామా" అన్నది మనవరాలు.

"పుస్తకాలు రాసినోళ్ళు రాత్రిళ్ళు పడుకుంటారమ్మా."

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. పిల్ల ముఖం చిన్నబోయింది. కొలతలు ఇట్లా ఉంటే అధ్యాపకురాలు నమ్మదు. దొంగ అంకెలు వేశావంటుంది. ఒక తెల్లవారుజామున టీ కోసం లేచి పెరట్లోకి వెళ్ళేసరికి, నా భార్య చీర కుచ్చిళ్ళు దోపుకొని తొట్టి పక్కన గొంతుకూర్చొని ఉన్నది. రెండు అరచేతులతో తీరాన్ని తడుతూ, లోపల నల్లమట్టి మెత్తి పైన తడి ఇసుక పూస్తున్నది.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"కండ్లు లేవా? గట్టు సదురుతున్న."

"అది గట్టు కాదు. తీరం."

"ఏదైతేంది? తెగుతున్నది గదా."

"తెగాలి! తెగడం కోసమే పోశాము!"

"తెగుటానికి ఎవలన్న పోసుకుంటరా? పిల్ల ఎండల గూసొని పోసుకున్నది. నువ్వేమో దినమంత చెక్కతోని దాన్ని పడగొట్టవడ్తివి. ముసలోనివి, నీకేం జెప్పాలె? పిల్ల బాధపడ్తదని సప్పుడు జేయకుండ నేనే ఏస్తున్న."

ఇక్కడ మా ప్రాంతపు ఆచారం ఒకటి చెప్పాలి. కాలువ పారుతున్న రోజుల్లో ఎవరి పొలం గట్టు తెగుతూ కనబడినా, దారిన పోయేవాడు ఆగి, పార అందుకొని, ముందు గట్టు వేయాలి. ఆ పొలం ఎవరిదన్న విచారణ తరువాత. కోర్టులో ఎదురెదురుగా నిలబడే అన్నదమ్ములు ఒకరి గట్టు ఒకరు పలకరింపు లేకుండా వేసి, చేతులు కడుక్కొని, మళ్ళీ వాయిదాకు పోవడం నేను చూశాను. నా భార్య అటువంటి పొలాల మధ్య పెరిగింది. తెగుతున్న గట్టును చూస్తూ ఊరుకోవడం ఆమెకు, ఏడుస్తున్న పసిబిడ్డను దాటుకొని పోవడం వంటిది.

అది నేను అర్థం చేసుకోగలను. అర్థం చేసుకోవడం వేరు, అనుమతించడం వేరు. "ఇందుమూలముగా సమస్తమైనవారికి తెలియజేయునది ఏమనగా, ఈ తీరము కోతకు గురియగుట ఉద్దేశపూర్వకము. దీనిని ఎవ్వరునూ తాకరాదు, పూడ్చరాదు" అని నోటీసు రాసి తొట్టికి అంటించాను. పొద్దున పాలు పోసే ఆమె చదవలేనన్నది, చదివి వినిపించాను. విన్నది, తల ఊపింది, పోతూ పోతూ చెంబు కింద పెట్టి పిడికెడు ఇసుక కోతలో వేసి అదిమింది. "గింతే గదా సారూ" అన్నది.

ఆ రోజే నా కాగితాలలో 'జోక్యం చేసుకున్నవారు' అని ఒక గడి గీశాను.

ఇసుకంతా తీసి, కడిగి, మళ్ళీ పోశాము. సాయంత్రం మనవరాలూ నేనూ బజారుకు వెళ్ళి వచ్చేసరికి, తీరానికి ముందు నీళ్ళలో మట్టి నింపిన చిన్న గోనెసంచి పడుకొని ఉన్నది. దాని ముందు వెదురు పుల్లలు వరసగా దిగేసి ఉన్నాయి. పక్కింటి ఆయన గోడ మీదుగా చూస్తున్నాడు.

"మీరేనా?"

"తీరాన్ని తాకొద్దన్నారు. తాకలేదండీ. పూడ్చొద్దన్నారు. పూడ్చలేదు. ముందు సంచి పెట్టానంతే. కావాలంటే మీ నోటీసు మీరే చదువుకోండి."

చదువుకున్నాను. ఆయన చెప్పింది నిజమే. అంత లోపభూయిష్టమైన నోటీసు నా చేతి నుంచి వెలువడినందుకు ఆ పూట అన్నం సహించలేదు.

"తియ్యకు తాతా. ఎట్లయినా పెట్టిండు గదా. ఏమైతదో సూద్దాం, అలలు ఎయ్యి" అన్నది మనవరాలు. వేశాను. సంచి వెనకాల ఇసుక నిలిచింది. సంచికి రెండు కొసల దగ్గర మాత్రం అంతకు ముందెన్నడూ లేనంత లోతుగా కోత పడింది. మనవరాలు ఆ లోతు కొలిచి రాసుకున్నది. తరువాత సంచిని తీసి యజమానికి అప్పగించాము.

వీడియో రోజు నేను ఏర్పాట్లు పకడ్బందీగా చేశాను. తీరాన్ని మళ్ళీ కొత్తగా పోశాము. నా భార్యను దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఖాళీగా ఉండకుండా చాటలో బియ్యం పోసి ఇచ్చాను. పక్కింటి ఆయనను చేతులు కట్టుకొని నిలబడమన్నాను. నా చేతులు రెండూ చెక్క మీద. ఫోనును నిచ్చెన మెట్టుకు కట్టాము. అందులో అధ్యాపకురాలి ముఖం వెలిగింది. కళ్ళద్దాలు పెట్టుకున్న మధ్యవయసు మనిషి.

"అలలు ఎవరేస్తున్నారమ్మా?"

"మా తాత మేడమ్."

"ఎంత క్రమంగా వస్తున్నాయో! సముద్రం కంటే నయం."

సర్వీసు మొత్తం మీద నాకు దక్కని యోగ్యతాపత్రం అది. తల ఎత్తలేదు, లయ తప్పుతుందని.

మనవరాలు ఒక్కొక్కటీ వివరిస్తూ చెబుతున్నది. కోత మొదలైంది. వాలు నిలువుగా మారింది. పైన సన్నటి పగులు కనిపించింది. వెనక బియ్యం చెరిగే చప్పుడు ఆగిపోయింది. "అయ్యో, అయ్యయ్యో" అని పక్కింటి ఆయన గొణిగాడు. "సప్పుడు చేయకున్రి!" అని నేను పళ్ళ బిగువున అన్నాను. పగులు వెడల్పయింది. ఒక ముక్క ముందుకు ఒరిగింది. ఇంకో అల తగిలితే పడుతుంది. ఇంత కష్టమూ ఆ పడటం చూపించడానికే.

అప్పుడు రెండు చేతులు వచ్చి ఆ ముక్కను ఒడిసిపట్టి వెనకనున్న ఇసుక గోడకు అదిమాయి.

అవి నా భార్య చేతులనుకొని వెనక్కి చూశాను. ఆమె చాట పట్టుకొనే ఉన్నది. ఆ చేతులు మనవరాలివి. అది తన చేతుల వంక, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంటున్నది. నేను చెక్క ఆపేశాను. సముద్రం నిలిచిపోయింది.

"ఏం చేశావమ్మా?" అన్నది ఫోను.

పిల్ల చేతులు వెనక్కి తీసుకున్నది. "తెగుతున్నది మేడమ్" అన్నది.

"మరి!" అంటూ నా భార్య చాట కింద పెట్టి వచ్చి ఫోను ముందు నిలబడింది. "తెగుతుంటే ఎట్ల సూస్తరు మేడమ్? మీ దిక్కు సూస్తరా?"

అధ్యాపకురాలు నవ్వింది. తరువాత నవ్వు ఆపి అడిగింది: "ఇంతకు ముందు కూడా ఎవరైనా ఇలా పూడ్చారా? నిజం చెప్పు."

మనవరాలు తల దించుకొని అన్నీ చెప్పింది. అవ్వ మట్టి, పాలామె పిడికెడు ఇసుక, పక్కింటి మామ గోనెసంచి. "నేను తాకలేదండీ, ముందు పెట్టానంతే" అని ఆయన అడ్డుపడ్డాడు. సంచి కొసల దగ్గర కోత సంగతి వచ్చేసరికి ఆవిడ కళ్ళద్దాలు సవరించుకున్నది.

"ఎంత లోతు కోసింది?"

పిల్ల చెప్పింది. ఆవిడ రాసుకున్నది.

"మా తీరంలో జరిగేది అదేనమ్మా. ఒక ఊరు రాళ్ళు వేసుకుంటే పక్క ఊరు కోసుకుపోతుంది. మీ వాళ్ళు చేసిన పనే మా వాళ్ళూ చేస్తారు. ఈ సంగతి తొట్టిలో చూపించినదానివి నువ్వొక్కదానివే. పడిపోవలసిన ముక్కను పట్టుకున్నందుకు మార్కులు కోస్తాను. బృందంలోకి మాత్రం రా. కానీ అక్కడ చేతులు జేబుల్లో పెట్టుకోవాలి."

"ఉప్పు రక్తంలో ఉందని నేను చెప్పలేదా?" అన్నాడు పక్కింటి ఆయన, సంచి మీద వచ్చిన కీర్తిని వెంటనే స్వాధీనం చేసుకుంటూ.

ఆ సాయంత్రం నేను కాగితాలు పూర్తిచేస్తుంటే మనవరాలు వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది. 'జోక్యం చేసుకున్నవారు' గడిలో చివరి వరస దానిదే.

"కొట్టెయ్యి తాతా. సీటొచ్చింది గదా."

"సీటు వేరు, వాస్తవం వేరు" అన్నాను. కొట్టెయ్యలేదు. ఈనాటికీ ఉన్నది.

వానాకాలంలో ఒక ఉదయం అది తీరం నుంచి ఫోను చేసింది. గాలి హోరులో మాట సగమే వినబడింది. రాత్రి సముద్రం పోటెత్తి మనిషి ఎత్తు కోత పెట్టిందట. టేపు మెడకు, ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకొని దాని ముందే నిలబడి ఉన్నదట.

"చేతులు ఎక్కడున్నాయి?" అన్నాను.

"జేబులనే ఉన్నయి తాతా. కానీ మస్తు గుంజుతున్నయి."

నా భార్య ఫోను లాక్కున్నది. "ఏందే బిడ్డా, ఆ ఊరోళ్ళకు పారలు లేవా?"

"ఉన్నయవ్వా" అన్నది మనవరాలు. "అందరొచ్చిన్రు."