అంటని జబ్బు

పందొమ్మిది వందల యాభైల చివర్లో ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. నాయన చీరలు నేసేవాడు, అమ్మ పట్టుదారం కండెలకు చుట్టేది. తమ్ముడు పుట్టిన కొన్నాళ్లకు అమ్మ గర్భసంచిలో గడ్డలు పెరిగాయని ఆపరేషన్ చేసి సంచే తీసేశారు. చెడ్డ గడ్డలు కావు, భయం లేదన్నారు. మేమూ మరిచిపోయాం.

తర్వాత ఆయాసం మొదలైంది. హిందూపురంలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు. క్షయ అన్నారు. ఇంకేముంది, వీధి వీధంతా మా గడప తొక్కడం మానేసింది. ఆమె చుట్టిన కండె ముట్టుకునే దిక్కు లేదు. నాయన అమ్మను పెనుకొండలో ఆమె పుట్టింట్లో, అవ్వ దగ్గర దిగబెట్టి వచ్చాడు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి నాకు అలవాటు పడ్డాడు.

హిందూపురంలో మేనత్త ఇంటికి రైల్లో పోయే ముందు నాయన పెనుకొండకు కబురు పంపేవాడు. స్టేషన్లో కంచె అవతల, కొంగు నోటికడ్డం పెట్టుకుని అమ్మ నిలబడి ఉండేది. తమ్ముణ్ణి కిటికీ దగ్గర ఎత్తి చూపించేదాన్ని. వాడు ఆమెను గుర్తుపట్టేవాడు కాదు. ఎవరి మీదో తెలియకుండానే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ ఆ స్టేషన్ వస్తే కళ్లు మూసుకుంటాను, అయినా కనిపిస్తుంది.

ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా మచ్చలు తగ్గలేదు, అమ్మ చిక్కిపోనూ లేదు. చివరికి బెంగుళూరులో ఒక పెద్ద డాక్టరు ఊపిరితిత్తిలోంచి ముక్క తీసి పరీక్ష చేయించాడు. కడుపులోని గడ్డల తునకలే నెత్తురు వెంట పోయి అక్కడ పెరిగాయట. క్యాన్సర్ కాదు, క్షయ అసలే కాదు, ఎవరికీ అంటదు అన్నాడు.

"సంచే తీసేసినాక గడ్డ యాడ నుంచి వస్తాదప్పా? నువ్వు బాధపడతావని ఏదో చెప్పింటాడు డాక్టరు" అంది అవ్వ నాయనతో.

"ఏమన్నా కానీ, నా పిల్లోళ్ల తల్లిని నేను తీసకపోతాండా" అన్నాడు నాయన.

అమ్మ ఇంటికొచ్చింది. వీధి నమ్మలేదు సరే, అమ్మే నమ్మలేదు. తన కంచం, చెంబు తానే వేరు పెట్టుకుంది. తమ్ముడు చాలా రోజులు ఆమె వైపే పోలేదు. ఒక మధ్యాహ్నం తనంతట తానే ఒళ్లోకెక్కి కూర్చున్నాడు. అమ్మ రెండు చేతులూ చుట్టేసి, ముఖం గోడవైపు తిప్పుకుని, ఊపిరి బిగబట్టింది. నరాలు ఉబ్బేదాకా బిగబట్టి, వాణ్ణి దించేసి పెరట్లోకి పరిగెత్తింది.

ఆ మచ్చలతోనే చాలా ఏళ్లు బతికింది. మమ్మల్ని దగ్గరికి తీసుకున్నప్పుడల్లా అంతే. మా అమ్మ ఊపిరి మొహానికి తగిలితే ఎట్లా ఉంటుందో మా ఇద్దరికీ తెలియదు.